650 మాటలే.. ఆపై చెల్లదు!

విదేశీ కళాశాలల దరఖాస్తు వ్యాసంలో కోత ఎక్కడ పెట్టాలి? ఏది మిగల్చాలి?

ఖమ్మం: మిర్చిని యార్డుకు తరలించే ముందు రైతు కుటుంబం కల్లంలో కూర్చుని తాలు కాయ ఏరుతుంది. తాలు కలిసిన బస్తా తూకానికి నిలుస్తుంది గానీ ధర పలకదు. విదేశీ కళాశాలల్లో ప్రవేశం కోరుతూ విద్యార్థి రాసే వ్యాసానిదీ అదే తీరు. ఎంత రాశారన్నది అక్కడ ఎవరూ చూడరు. ఇచ్చిన హద్దులో ఏం చెప్పారన్నదే చూస్తారు. ఈ సంగతి తెలియక తొమ్మిది వందలు, వెయ్యి పదాలతో వ్యాసం సిద్ధం చేసుకుని, గడువు రోజున ఏది తీయాలో పాలుపోక, తీయకూడనిది తీసేసి పంపేవారు ఎందరో ఉన్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవారి వాటా పెద్దదే. పొలం కుదువపెట్టి, బ్యాంకు రుణం తీసుకుని పిల్లలను పంపే కుటుంబాలకు ఒకటిన్నర పేజీల ఈ వ్యాసం చిన్న విషయమేమీ కాదు.

ఎక్కడ ఎంత పరిమితి?

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే విద్యార్థులు ఎక్కువగా వాడేది ‘కామన్ అప్లికేషన్’. 1975లో 15 కళాశాలలు కలిసి మొదలుపెట్టిన ఈ ఉమ్మడి దరఖాస్తును నేడు వెయ్యికి పైగా విద్యాసంస్థలు అంగీకరిస్తున్నాయి. ఇందులో ప్రధాన వ్యాసానికి కనీసం 250 పదాలు, గరిష్ఠంగా 650 పదాలు ఉండాలి. 2011లో ఈ గరిష్ఠ పరిమితి 500 పదాలుగా ఉండేది. 2013లో దాన్ని 650కి పెంచారు. నాటి నుంచి అదే కొనసాగుతోంది. 651వ పదం ఉంటే ఫారం ముందుకు కదలదు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు విడిగా దరఖాస్తు చేయాలి. అక్కడ ఎనిమిది ప్రశ్నలు ఇచ్చి నాలుగింటికి సమాధానం రాయమంటారు. ఒక్కో సమాధానం 350 పదాలు మించరాదు. స్టాన్‌ఫర్డ్ వంటి విశ్వవిద్యాలయాలు ప్రధాన వ్యాసంతో పాటు 50 పదాల్లో ముగించాల్సిన పొట్టి ప్రశ్నలు కూడా అడుగుతున్నాయి.

బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడి ‘యూకాస్’ దరఖాస్తులో పదాలు కాక అక్షరాలను లెక్కిస్తారు. మాటకూ మాటకూ మధ్య వదిలే ఖాళీతో కలిపి 4,000 అక్షరాలకు మించరాదు. 2026 ప్రవేశాల నుంచి పాత పద్ధతిలోని ఒకే వ్యాసం స్థానంలో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఒక్కోదానికి కనీసం 350 అక్షరాలు రాయాలి. మూడూ కలిపి 4,000 దాటకూడదు.

హద్దు ఎందుకు?

దరఖాస్తులు చదివే అధికారి ముందు ఒక్కో రోజు పదుల సంఖ్యలో వ్యాసాలు ఉంటాయి. అందరికీ ఒకే కొలత ఉంటేనే పోల్చి చూడటం సాధ్యమవుతుంది. ఇది పైకి కనిపించే కారణం. దీని వెనుక మరొకటి ఉంది. తన జీవితంలో జరిగిన వంద విషయాల్లో ఏ ఒక్కటి ముఖ్యమో విద్యార్థి ఎంచుకోగలడా అన్నదాన్నీ ఈ హద్దు పరీక్షిస్తుంది. మార్కులు, ర్యాంకులు, పతకాలు దరఖాస్తులోని ఇతర గడుల్లో ఎలాగూ ఉంటాయి. ఆ గడులు చెప్పలేని మనిషిని చూపడానికే ఈ వ్యాసం.

మనవారికి చిక్కు ఎక్కడ?

పరీక్ష హాలులో అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అంత బాగా రాసినట్లు లెక్క అన్న భావన మన విద్యార్థుల్లో చిన్ననాటి నుంచే నాటుకుపోయింది. జవాబు తెలిసినా తెలియకపోయినా పేజీ నింపడం అలవాటుగా మారింది. ప్రశ్నను తిప్పి రాయడం, ఉపోద్ఘాతం పెట్టడం, చివర చెప్పిందే మళ్లీ చెప్పి ముగించడం ఈ అలవాటులో భాగమే. అక్కడ మార్కు తెచ్చిన ఈ పద్ధతి ఇక్కడ చోటు తినేస్తుంది.

రెండో చిక్కు భాషది. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసే విద్యార్థికి పదాల సంఖ్య తెలియకుండానే పెరిగిపోతుంది. తెలుగులో ‘వెళ్లలేకపోయాను’ అన్నది ఒకే మాట. ఇంగ్లిష్‌లో అది ‘ఐ కుడ్ నాట్ గో’ అని నాలుగు మాటలవుతుంది. ‘మార్కెట్‌యార్డులో’ అన్న ఒక్క మాట ‘ఇన్ ద మార్కెట్ యార్డ్’ అని నాలుగవుతుంది. విభక్తి, క్రియ, కర్త మన భాషలో ఒకే మాటలో ఒదిగిపోవడమే ఇందుకు కారణం. తెలుగులో 450 మాటలున్న చిత్తుప్రతి ఇంగ్లిష్‌లోకి మారేసరికి 650 దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకోవాలనుకునేవారు ఈ తేడాను ముందే లెక్కలో వేసుకోవాలి.

900 నుంచి 650కి.. ఇలా

ఖమ్మం జిల్లాలో ఒక మిర్చి రైతు కుమార్తె ఇంటర్ ద్వితీయ సంవత్సరం చదువుతూ అమెరికాలో ఇంజినీరింగ్ డిగ్రీకి దరఖాస్తు చేస్తోందనుకుందాం. తేమ ఎక్కువగా ఉందని తండ్రి తెచ్చిన సరుకుకు యార్డులో ధర తగ్గించారు. ఆ రోజు ఆమె వెంటే ఉంది. తర్వాత ఇంటి దగ్గరే తేమ కొలిచే చిన్న పరికరం తయారు చేయబోయింది. రెండుసార్లు విఫలమైంది. మూడోసారి కొంతవరకు పనిచేసింది. ఈ అనుభవాన్నే ఆమె వ్యాసంగా రాసింది. మొత్తం 900 పదాలు వచ్చింది. 250 తీయాలి.

చాలామంది చేసే పొరపాటు వాక్యానికొక మాట చొప్పున గిల్లడం. అలా గిల్లితే వ్యాసం పొడవు అంతగా తగ్గదు, చదవడానికి మాత్రం గతుకుల బాటలా తయారవుతుంది. ముందు పేరాలు చూడాలి. ఆ తర్వాతే వాక్యాలు, చివరగా మాటలు. ఆమె చిత్తుప్రతిలో లెక్క ఇలా తేలుతుంది.

• విద్య గొప్పతనం గురించి, అబ్దుల్ కలాం సూక్తి గురించి రాసిన మొదటి పేరా - 95 పదాలు. ఇది ఎవరి వ్యాసంలోనైనా ఉండగలిగేది. తీసేయవచ్చు.

• పదో తరగతి మార్కులు, ప్రథమ బహుమతుల జాబితా - 70 పదాలు. దరఖాస్తులో వీటికి వేరే గడులున్నాయి. తీసేయవచ్చు.

• కళాశాల ప్రపంచంలోనే గొప్పదంటూ చేసిన పొగడ్త - 45 పదాలు. ఆ సంగతి వారికి తెలుసు. పైగా ఉమ్మడి దరఖాస్తులోని ఈ వ్యాసం ఆమె ఎంచుకున్న కళాశాలలన్నింటికీ వెళుతుంది. తీసేయాల్సిందే.

• మొదట చెప్పిందే మళ్లీ చెప్పిన ముగింపు - 40 పదాలు. తీసేయవచ్చు.

నాలుగూ కలిపితే సరిగ్గా 250. వ్యాసం 650కి దిగింది. అయినా పని పూర్తయినట్లు కాదు. మిగిలిన దాంట్లో అసలైన తేమ కథకు దక్కింది 60 పదాలే. ఎన్ఎస్ఎస్ శిబిరం, క్విజ్ పోటీ వంటి ఇతర విషయాలు 190 పదాలు ఆక్రమించాయి. అవి కూడా తొలగిస్తే ఆ చోటు అసలు కథకు వస్తుంది. 60 కాస్తా 250 అవుతుంది. పరికరం మొదటిసారి ఎందుకు పనిచేయలేదు, రెండోసారి ఏం మార్చింది, నాన్న దాన్ని చూసి ఏమన్నాడు, తర్వాతి కోతకు ఇంట్లో ఏం మారింది అన్నవి అప్పుడు వివరంగా చెప్పవచ్చు. హద్దు వల్ల కథ తగ్గలేదు, తాలు పోయి కథ పెరిగింది.

కోత పడకూడని చోటు

గడువు దగ్గరపడ్డ కంగారులో విద్యార్థులు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తుంటారు. ‘తపన’, ‘అంకితభావం’, ‘నాయకత్వ లక్షణాలు’ వంటి పెద్ద మాటలు ముఖ్యమని ఉంచేస్తారు. యార్డు, తేమ, బస్తా, నాన్న వంటి చిన్న మాటలు పల్లెటూరి ముచ్చట్లని, అక్కడివారికి అర్థం కావని తీసేస్తారు. మిగిలేది ఏ ఊరివారైనా రాయగల వ్యాసం. దరఖాస్తులు చదివేవారికి గుర్తుండేది చిన్న మాటలే. ఒక సంఘటన, ఒక సంఖ్య, ఒక వస్తువు, ఒక మనిషి అన్న మాట.. వీటిని తాకకూడదు. ‘నేను పట్టుదల గలదాన్ని’ అని చెప్పే వాక్యం తీసేసినా నష్టం లేదు. రెండుసార్లు విఫలమై మూడోసారి ప్రయత్నించిందన్న వాక్యం ఉంటే పట్టుదల దానంతటదే తెలుస్తుంది.

స్థానిక పదం వాడాల్సి వస్తే పక్కనే నాలుగు మాటల్లో అర్థం చెబితే చాలు. అందుకోసం పేరా రాయనక్కర్లేదు.

మాటల్లో పొదుపు

పేరాలు కుదిరాక వాక్యాల మీదకు రావాలి. మన ఇంగ్లిష్‌లో కార్యాలయ లేఖల వాసన ఎక్కువ. దానివల్ల ఒక మాటతో పోయేదానికి అయిదు మాటలు వాడుతుంటాం. తరచూ కనిపించేవి ఇవి.

• ‘డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్’ బదులు ‘బికాజ్’ - 4 పదాలు మిగులు

• ‘ఇన్ ఆర్డర్ టు’ బదులు ‘టు’ - 2 మిగులు

• ‘ఎట్ దిస్ పాయింట్ ఇన్ టైమ్’ బదులు ‘నౌ’ - 4 మిగులు

• ‘హ్యాజ్ ద ఎబిలిటీ టు’ బదులు ‘క్యాన్’ - 3 మిగులు

• ‘మేడ్ ఎ డెసిషన్ టు’ బదులు ‘డిసైడెడ్ టు’ - 2 మిగులు

• ‘ద డివైస్ వాజ్ మేడ్ బై మీ’ బదులు ‘ఐ మేడ్ ద డివైస్’ - 2 మిగులు

• ‘ఐ పర్సనల్లీ ఫీల్ దట్’ అన్నది పూర్తిగా తీసేస్తే - 4 మిగులు

ఈ ఏడు చోట్లే 21 పదాలు మిగిలాయి. తేమ కథలో మరో రెండు వాక్యాలకు చోటు దొరికినట్లే. ‘వెరీ’, ‘రియల్లీ’, ‘యాక్చువల్లీ’ వంటి మాటలు కనిపించిన ప్రతిచోటా ఒకసారి తీసి చదవాలి. అర్థం మారకపోతే అవి అక్కర్లేనట్లే.

పదాలు తగ్గినట్లు కనిపించడానికి మాటల మధ్య హైఫన్ పెట్టి అతికించేవారు, ఖాళీలు తీసేసేవారు ఉన్నారు. కంప్యూటర్ లెక్క ఒకటే అనుకున్నా చదివే మనిషి కంటికి అది దొరికిపోతుంది. ఇలాంటి చిట్కాల జోలికి పోకపోవడమే మేలు.

లెక్క ఎవరిది నమ్మాలి?

హైఫన్‌తో కలిసిన మాటలు, గీతలతో విడదీసిన మాటలను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా లెక్కిస్తుంది. ఎంఎస్ వర్డ్‌లో 649 చూపిన వ్యాసం దరఖాస్తు ఫారంలో 652 చూపవచ్చు. చెల్లేది ఫారం చూపే లెక్కే. అందుకే 650 హద్దయితే 635 దగ్గర ఆగడం క్షేమం. హద్దు 650 అని సరిగ్గా అంతవరకు రాయాలన్న నియమం కూడా లేదు. 560 పదాల్లో చెప్పాల్సింది పూర్తయితే అక్కడే ఆపవచ్చు.

అక్షరాల లెక్క ఉన్నచోట జాగ్రత్త మరో రకంగా ఉండాలి. కామన్ అప్లికేషన్‌లో చదువేతర కార్యక్రమాలు పది వరకు నమోదు చేయవచ్చు. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే ఇస్తారు. ఇక్కడ మాటల సంఖ్య కాదు, మాట పొడవు ముఖ్యం. ‘యుటిలైజ్డ్’ కంటే ‘యూజ్డ్’ నయం. పూర్తి వాక్యం అవసరం లేదు. ఏం చేశారు, ఎందరికి, ఎంతకాలం అన్నది చెబితే చాలు.

మిగిలిన కథను అదనపు సమాచారం గడిలో కుక్కవచ్చన్న ఆలోచన కూడా సరికాదు. ఆ గడి ఉన్నది వ్యాసం పొడిగించడానికి కాదు. అనారోగ్యం వల్ల చదువు ఆగడం వంటి నిజమైన వివరణలకు ఉద్దేశించింది. 2025-26 నుంచి దాని పరిమితిని కూడా 650 పదాల నుంచి 300కి తగ్గించారు.

ఎంఎస్ విద్యార్థుల సంగతి

తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లేవారిలో ఎంఎస్ కోసం వెళ్లేవారే ఎక్కువ. వారు రాయాల్సింది ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’. దీనికి ఉమ్మడి కొలత లేదు. సాధారణంగా 500 నుంచి 1,000 పదాలు, లేదా ఒకటి రెండు పేజీలు అడుగుతారు. ఒకే విశ్వవిద్యాలయంలో విభాగాన్ని బట్టి కూడా ఇది మారవచ్చు. అందువల్ల ఆ విభాగం వెబ్‌సైట్‌లో ఆ ఏడాది ఏం అడిగారో చూసుకోవడం తప్పనిసరి.

పేజీల్లో పరిమితి చెప్పినప్పుడు అక్షరాల సైజు తగ్గించి, మార్జిన్లు జరిపి మూడు పేజీలను రెండులో ఇరికించడం పాత ఎత్తు. చదివేవారికి అది చూడగానే తెలుస్తుంది. దాని బదులు బీటెక్‌లో చదివిన సబ్జెక్టుల జాబితా, తెలిసిన ప్రోగ్రామింగ్ భాషల పట్టిక తీసేస్తే చాలు. అవి మార్కుల పత్రంలో, రెజ్యూమెలో ఉన్నవే. చివరి ఏడాది ప్రాజెక్టులో ఎదురైన ఒక సమస్య, దానికి వెతికిన పరిష్కారం, ఆ విభాగంలోనే ఎందుకు చదవాలనుకుంటున్నారన్న కారణం.. ఈ మూడింటికీ చోటు మిగిలితే పత్రం దారిలో పడినట్లే.

రాసిచ్చేవారితో జాగ్రత్త

కోత పెట్టడం చేతకాక పని ఇతరులకు అప్పగించేవారు ఉన్నారు. డబ్బు తీసుకుని వ్యాసం రాసిచ్చేవారు పేర్లు మార్చి ఒకే వ్యాసాన్ని పదిమందికి ఇచ్చే ప్రమాదం ఉంది. యూకాస్ తనకు అందిన వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే ఏర్పాటు చేసుకుంది. పోలిక బయటపడితే ఆ సమాచారం విశ్వవిద్యాలయాలకు చేరుతుంది. కృత్రిమ మేధతో రాయించినదాన్ని సొంత రచనగా పంపడాన్ని కామన్ అప్లికేషన్ 2023 నుంచి మోసాల జాబితాలో చేర్చింది. 900 పదాలను 650 చేయమని కంప్యూటర్‌కు అప్పగిస్తే అది మొదట తీసేసేది ఊరి పేరు, నాన్న మాటే కావచ్చు. నున్నటి వాక్యాలు మిగులుతాయి గానీ రాసిన మనిషి కనిపించరు.

సలహా తీసుకోవడం మాత్రం తప్పు కాదు. అమెరికా విదేశాంగ శాఖకు అనుబంధంగా పనిచేసే ‘ఎడ్యుకేషన్ యూఎస్ఏ’ కేంద్రాల్లో దరఖాస్తుకు సంబంధించిన మార్గదర్శనం లభిస్తుంది. హైదరాబాద్‌లోనూ ఈ సేవ అందుబాటులో ఉంది. కళాశాలలోని ఇంగ్లిష్ అధ్యాపకులకు చూపినా అర్థం కాని చోట్లు చెబుతారు. దిద్దాల్సింది మాత్రం విద్యార్థే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు ప్రవేశాల గడువు ఎక్కువగా నవంబరు మొదట్లో, సాధారణ ప్రవేశాల గడువు జనవరి ప్రాంతంలో ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు నవంబరు నెలాఖరు ప్రాంతానికల్లా సమర్పించాలి. ఇవన్నీ ఇంటర్ ద్వితీయ సంవత్సరం చదువుతున్న కాలంలోనే వస్తాయి. పబ్లిక్ పరీక్షల ఒత్తిడి మొదలయ్యేలోపే చిత్తుప్రతి రాసి పక్కన పెట్టాలి. వారం తర్వాత తీసి చదివితే ఏది తాలో, ఏది గట్టి కాయో తేలిగ్గా తెలుస్తుంది. రాసిన రాత్రే కోత పెట్టబోతే ప్రతి మాటా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది.

సమర్పించే ముందు..

• వ్యాసం దేని గురించో ఇంట్లో అమ్మకు తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పి చూడాలి. చెప్పలేకపోతే అందులో రెండు మూడు వ్యాసాలు కలిసిపోయినట్లు లెక్క.

• మొదటి పేరా పూర్తిగా కప్పి రెండో పేరా నుంచి చదవాలి. ఏమీ లోటు కనిపించకపోతే మొదటి పేరా అనవసరం.

• ప్రతి వాక్యాన్నీ ‘ఇది తోటి విద్యార్థి కూడా రాయగలడా?’ అని ప్రశ్నించాలి. అవునంటే తొలగించాలి.

• బిగ్గరగా చదవాలి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయాలి.

• పాత ప్రతులను చెరిపేయకుండా వేర్వేరు పేర్లతో దాచుకోవాలి. ఇక్కడ తీసేసిన పేరా మరో కళాశాల ప్రశ్నకు జవాబుగా పనికిరావచ్చు.

• ఫారంలో అతికించాక ప్రివ్యూ తెరిచి చివరి వాక్యం వరకు వచ్చిందో లేదో చూడాలి.

• ఆ ఏడాది పరిమితి ఎంతో అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. నిరుటి సీనియర్ చెప్పిన లెక్క ఈ ఏడాదికి చెల్లకపోవచ్చు.

ఈ పనులకు పైసా ఖర్చు లేదు. కావాల్సింది నాలుగు సాయంత్రాలు, రాసింది తీసేసే ధైర్యం.